దేవుడి బొమ్మ పిక్క మీద వేయించుకోవచ్చా? పచ్చబొట్టు భక్తా, ఫ్యాషనా, అపచారమా?

మంగళగిరి కుర్రాడు
అందరికీ నమస్కారం. వారం నుంచి ఇంట్లో గొడవ తెగడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మాది మంగళగిరి. పానకాల స్వామి అంటే ప్రాణం. చిన్నప్పుడు ప్రతి శనివారం నాయనమ్మ చెయ్యి పట్టుకుని కొండెక్కేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం హైదరాబాద్‌లో. స్వామి ముఖం టాటూ వేయించుకోవాలని మొదటి జీతం నాడే అనుకున్నాను, మూడేళ్ళకు కుదిరింది. కుడి కాలి పిక్క మీద, మోకాలి కింది నుంచి చీలమండ పైదాకా ఉగ్ర నరసింహుడు. పిక్క మీద చోటు ఎక్కువ, బొమ్మ బాగా పరుచుకుంటుందని ఆర్టిస్టే చెప్పాడు. వెయ్యి రూపాయలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

డిజైన్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అదే తప్పయింది. నాన్న వెంటనే ఫోన్ చేసి "దేవుణ్ణి తీసుకెళ్ళి కాలికి కట్టుకుంటావట్రా?" అని అరిచి పెట్టేశారు. అమ్మ అప్పటినుంచి మాట్లాడటం లేదు. తమ్ముడొక్కడే సూపర్ అన్నాడు, కానీ వాడు ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నాడు, తనకూ హనుమంతుడి టాటూ కావాలంటున్నాడు. ఇప్పుడు ఆ నింద కూడా నా మీదే.

నేను అడిగేది ఒక్కటే. మా నాయనమ్మకి నుదుటి మీద పచ్చబొట్టు ఉంది, గడ్డం మీద మూడు చుక్కలున్నాయి. అది సంప్రదాయమైతే నాది అపచారం ఎలా అవుతుంది? రెండూ సూదులే, రెండూ సిరాయే కదా.

తర్కం
మీ చర్మం, మీ డబ్బు, మీ నొప్పి. దేవుడికి అభ్యంతరం ఉంటే ఆయనే చెబుతాడు. తర్వాతి ప్రశ్న?

తిరుమణి
తర్కం గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేస్తే చర్చ ఎందుకు?

బాబూ, మీ నాన్నగారి కోపం నాకు అర్థమైంది. మన దగ్గర కాలికి పుస్తకం తగిలితే కళ్ళకద్దుకుంటాం. తిరుమల కొండ ఆదిశేషుడే కనుక కాళ్ళతో తొక్కకూడదని రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దలు చెబుతారు. అలాంటి చోట స్వామి ముఖాన్ని పిక్క మీద పెట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్తానంటే తండ్రి ఏమంటాడు?

ఇక ఉగ్ర నరసింహుడి పటమే చాలామంది ఇంట్లో పెట్టుకోరు. తొడ మీద లక్ష్మీదేవి కూర్చున్న శాంతమూర్తినే పెట్టుకుంటారు. పటానికే ఇంత ఆలోచించే వాళ్ళం, ఒంటికి ఆలోచించమా?

అలాగని శరీరం మీద గుర్తు వేయించుకోవడం మన మతంలో లేదని నేను అనను. నా రెండు భుజాల మీదా ఉన్నాయి. మా శ్రీవైష్ణవుల్లో ఆచార్యుల దగ్గర దీక్ష తీసుకోవడాన్ని సమాశ్రయణం అంటారు, అందులో పంచ సంస్కారాలు. తాపం, పుండ్రం, నామం, మంత్రం, యాగం. మొదటిదే తాపం. శంఖ చక్రాల ముద్రలను హోమాగ్నిలో కాల్చి ఆచార్యులు కుడి భుజం మీద చక్రం, ఎడమ భుజం మీద శంఖం అద్దుతారు. నాకు పదహారేళ్ళప్పుడు జరిగింది. చుర్రుమన్న ఆ ఒక్క క్షణం ఇప్పటికీ గుర్తే. తర్వాత ఆ మచ్చలు మసకబారాయి, అద్దంలో వెతుక్కోవాలి. ఎవరికీ చూపించడానికి వేసినవి కావు. ఆ గుర్తు నేను ఎంచుకున్నదీ కాదు, ఆచార్యులు ఇచ్చింది. మీరు ఫోనులో డిజైన్ ఎంచుకున్నారు, తేడా అక్కడుంది.

సిరాచుక్క
నేను విజయవాడలో పదకొండేళ్ళుగా టాటూలు వేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి దేవుడే కావాలి. శివుడు, త్రిశూలం, ఓం, హనుమంతుడు, సిలువ, అమ్మ పేరు. ఈ వరుసలోనే.

పిక్క మీద బాగుంటుందని చెప్పిన ఆర్టిస్టు అబద్ధం చెప్పలేదు. అక్కడ కండ ఉంటుంది, బొమ్మ చెదరదు, పక్కటెముకల మీద అంత నొప్పీ ఉండదు. అయినా నేనైతే దేవుడి ముఖం నడుము కింద వెయ్యను. భక్తి వల్ల అని చెప్పను, అనుభవం వల్ల. ఆరునెలలకు తిరిగొచ్చి "అన్నా, దీన్ని ఏదైనా పువ్వు కింద కప్పెయ్యండి, మా అత్తగారు ఇంట్లో అడుగు పెట్టనివ్వడం లేదు" అన్నవాళ్ళు చాలామంది. ఉగ్ర నరసింహుణ్ణి కప్పాలంటే పువ్వు చాలదు, తోట వెయ్యాలి.

తిరుమణి గారూ, చిన్న మాట. ఫోనులో ఎంచుకున్నంత మాత్రాన చులకన చెయ్యకండి. సూది మొదలయ్యాక గంటన్నర "ఓం నమశ్శివాయ" అంటూ కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళున్నారు. మొన్నో ఆటో డ్రైవరు కూతురు బతికితే వేయించుకుంటానని మొక్కుకున్నాడట, దుర్గమ్మ త్రిశూలం. కట్టు కట్టాక నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఫౌజీ
తమ్ముడి విషయం చెబుతా, అది అర్జెంటు. నేను సీఆర్‌పీఎఫ్‌లో చేసి రిటైరయ్యాను. ఆర్మీలో టాటూ ముంజేతి లోపలి వైపు, మోచేతి నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక వైపు ఉంటేనే ఒప్పుకుంటారు. కేంద్ర పోలీసు బలగాల్లో ఎడమ చెయ్యి మాత్రమే, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చేత్తో. సైజు కూడా ఆ భాగంలో పావు వంతు దాటకూడదు. దేవుడి బొమ్మ, మత చిహ్నం, పేరు, ఇవి పర్వాలేదని రూల్‌లోనే ఉంది. గిరిజనులకు వాళ్ళ ఆచారాన్ని బట్టి ఆర్మీలో మినహాయింపు ఉంది. కాబట్టి హనుమంతుడి మీద ఎవరికీ కోపం లేదు, చోటు మీదే పట్టింపు. భుజం మీదో ఛాతీ మీదో వేయించుకుని మెడికల్ టెస్టులో తప్పిన పిల్లలను కళ్ళారా చూశాను. సెలక్షన్ అయ్యేదాకా ఆగమనండి.

బాపట్ల సముద్రం
నాది క్రైస్తవ కుటుంబం. మణికట్టు మీద చిన్న సిలువ వేయించుకున్న మరుసటి ఆదివారమే మా పాస్టరు గారు లేవీయకాండము 19వ అధ్యాయం తీశారు. 28వ వచనం. చచ్చినవారి కోసం దేహాన్ని చీరుకోకూడదు, పచ్చబొట్లు పొడుచుకోకూడదు అని. మన తెలుగు బైబిల్లో 'పచ్చబొట్లు' అన్న మాటే వాడారు. అందుకే మనవాళ్ళకు ఆ వచనం చాలా సూటిగా తగులుతుంది. ఎక్కడో ఇశ్రాయేలు వాళ్ళ సంగతిలా అనిపించదు, మన నాయనమ్మ గడ్డం మీద చుక్కల గురించే చెబుతున్నట్టుంటుంది.

నేను ఇంటికెళ్ళి ఆ అధ్యాయమంతా చదివాను. దాని పై వచనంలోనే తల పక్క వెంట్రుకలు గుండ్రంగా కత్తిరించకూడదు, గడ్డం అంచులు తీయకూడదు అని ఉంది. అంతకు ముందు రెండు రకాల దారాలు కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని ఉంది. మా పాస్టరు గారు నున్నగా షేవ్ చేసుకుని పాలియెస్టర్ కాటన్ చొక్కాలో నిలబడి నాకు 28వ వచనం చదివారు. ఆయనంటే నాకు గౌరవమే, కానీ ఇది అడగకుండా ఎలా ఉండాలి?

ఇంకో సంగతి. ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులు కుడి మణికట్టు లోపలి వైపు సిలువ పొడిపించుకుంటారు. చిన్నపిల్లలకు కూడా వేయిస్తారు. అక్కడ వాళ్ళు మైనారిటీ, చర్చిలోకి రానిచ్చే ముందు కాపలావాళ్ళకు ఆ మణికట్టు చూపించే అలవాటు ఉంది. జెరూసలేము యాత్రకు వెళ్ళినవాళ్ళు గుర్తుగా టాటూ వేయించుకోవడం వందల ఏళ్ళ నాటి మాట. పాత నగరంలో రజ్జూక్ కుటుంబం ఈ పని తరతరాలుగా చేస్తోంది, 700 ఏళ్ళ చరిత్ర తమదని చెప్పుకుంటారు. ఒలీవ చెక్క మీద చెక్కిన అచ్చులున్నాయి వాళ్ళ దగ్గర. ముందు అచ్చు అద్దుతారు, తర్వాత దాని మీద పొడుస్తారు. ఒకే బైబిలు, ఒకే వచనం, వాళ్ళకు అది విశ్వాసం, మాకు పాపం.

ఉస్మానియా బిస్కెట్
మా వైపు సంగతి చిన్నదే, చెప్పేస్తాను. పచ్చబొట్టు పొడిచేవాళ్ళనూ, పొడిపించుకునేవాళ్ళనూ ప్రవక్త శపించారని సహీ బుఖారీ, సహీ ముస్లిం అనే ప్రవక్త వచనాల సంకలనాల్లో హదీసుంది. అల్లా చేసిన రూపాన్ని మార్చకూడదన్నది దాని మూలం. సున్నీ పండితుల్లో ఎక్కువమంది హరామ్ అనే అంటారు. షియాల్లో తప్పులేదన్న పెద్ద పండితులూ ఉన్నారు. గోరింటాకు ఎంతైనా పెట్టుకోవచ్చు, పోతుంది కాబట్టి. అయినా ఉత్తర ఆఫ్రికాలో అమాజిగ్ ముస్లిం ముసలమ్మల గడ్డాల మీద మీ నాయనమ్మకున్నట్టే పచ్చబొట్లుంటాయి. పుస్తకం ఒకటి, అమ్మమ్మలు ఒకటి. ప్రతి మతంలోనూ ఇదే కథ అనుకుంటా.

ఒకటి మాత్రం చెప్పాలి. టాటూ ఉంటే వజూ, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం, చెల్లదని మా గల్లీలో భయపెడతారు. సిరా చర్మం లోపల ఉంటుంది, నీళ్ళకు అడ్డం రాదు. ఆ వాదన తప్పు. అసలు అభ్యంతరం వేరే ఉన్నప్పుడు తప్పు కారణం ఎందుకు చెప్పాలి?

డల్లాస్ పిన్ని
చోటు విషయంలో తండ్రిదే రైట్ అంటాను. 2015లో బెంగళూరులో జరిగింది గుర్తుందా? కాలి మీద ఎల్లమ్మ తల్లి టాటూ ఉన్న ఆస్ట్రేలియా కుర్రాణ్ణి హోటల్లో చుట్టుముట్టి నానా మాటలన్నారు. పోలీసులు స్టేషనుకు తీసుకెళ్ళి అతని చేతే క్షమాపణ రాయించుకున్నారు. ఆ అబ్బాయి భక్తితోనే వేయించుకున్నానన్నాడు. థాయ్‌లాండ్‌లో అయితే బుద్ధుడు అలంకారానికి కాదు, టాటూకి కాదు అని పెద్ద పెద్ద బోర్డులే కనబడతాయి.

తర్కం
పిన్నిగారూ, అక్కడ తప్పు టాటూదా, చుట్టుముట్టినవాళ్ళదా? మీరు చెప్పిన ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. శ్రీలంకలో 2014లో బ్రిటిష్ ఆవిడను కొలంబో ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. తామర మీద కూర్చున్న బుద్ధుడి టాటూ. కాలి మీద కాదు, దండచెయ్యి మీద! పైగా ఆవిడ బౌద్ధాన్ని పాటించే మనిషి. నిర్బంధించి, దేశం నుంచి పంపించేశారు. 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టే ఆవిడ హక్కులను కాలరాశారని చెప్పి 8 లక్షల లంక రూపాయలు ఇప్పించింది. చోటు మారిస్తే గొడవ ఉండదన్నది భ్రమ.

డల్లాస్ పిన్ని
గొడవ చేసినవాళ్ళు మంచివాళ్ళని నేనన్నానా? పిల్లాడు ఇంట్లో ఉండాలి కదా, కోర్టులో కాదు.

తిరుమణి
థాయ్‌లాండ్ మాట వచ్చింది కాబట్టి. అక్కడే సక్ యంత్ అని మంత్రాల పచ్చబొట్లున్నాయి. బ్యాంకాక్ పక్కన నఖోన్ పథోమ్‌లో వాట్ బాంగ్ ఫ్రా అనే ఆరామంలో భిక్షువులే పొడుస్తారు. ఖ్మేర్ లిపి, పాళీ మంత్రం, చివర గురువు ఊది ప్రాణం పోస్తాడు. తర్వాత అబద్ధం, దొంగతనం లాంటివి మానాలి, లేకపోతే యంత్రం పనిచెయ్యదని నమ్మకం. నడుము కింద సాధారణంగా వెయ్యరు. అంటే అదే దేశం ఒక పచ్చబొట్టును తప్పంటుంది, ఇంకోదాన్ని గుడిలోనే పొడుస్తుంది. బొమ్మ అలంకారమైతే తప్పు, దీక్షయితే ఒప్పు. నేను మొదట చెప్పింది అదే.

నల్లరేగడి
దీక్ష, ఆచార్యుడు, అనుమతి... ఈ మాటలు వింటుంటే ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. ఆచార్యుడు గడప దాటనివ్వని వాళ్ళ సంగతి.

మా నాన్న రైల్వేలో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో పనిచేశారు, అక్కడే పెరిగాను. ఆ చుట్టుపక్కల రామనామీలు అనే సమాజం ఉంది. వాళ్ళు దళితులు. గుళ్ళోకి రానివ్వలేదు. 1890ల్లో చార్‌పారా అనే ఊళ్ళో పరశురామ్ అనే ఆయన నుదుటి మీద రామ నామం పొడిపించుకున్నాడు. ఆయన వెనక జనం. ఒకటీ రెండూ కాదు, ముఖం, కనురెప్పలు, చెవులు, అరికాళ్ళు, ఒళ్ళంతా రాం రాం రాం. అలా నఖశిఖ పర్యంతం పొడిపించుకున్నవాళ్ళను నఖ్‌శిఖ్ అనే పిలుస్తారు. వాళ్ళ రాముడు దశరథుడి కొడుకు కాదు, విగ్రహం లేదు, గుడి లేదు. నామమే.

నాకు పదేళ్ళప్పుడు మేళాకి వెళ్ళాం. నెమలి ఈకల కిరీటం పెట్టుకున్న ఒక ముసలాయన నేల మీద కూర్చుని గజ్జెలు కొడుతూ భజన చేస్తున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నవ్వి దగ్గరికి పిలిచి, నాలుక చాపి చూపించాడు. దాని మీదా ఉందనుకున్నాను. లేదు, ఊరికే వెక్కిరించాడు. తర్వాత అరికాలు చూపించాడు. అక్కడుంది. పగుళ్ళ మధ్య రామ నామం.

తిరుమణి గారూ, మీ లెక్కన ఇది అపచారం కదా? రాముడి పేరు అరికాలి కింద. ఆయన నడిచినప్పుడల్లా తొక్కుతున్నాడు. మరి గుడి బయట నిలబెట్టిన మనిషి రాముణ్ణి ఎక్కడ పెట్టుకోవాలి? ఎవరూ లాక్కోలేని చోటు ఒక్కటే మిగిలింది, అంతా వాడేసుకున్నాడు.

ఇప్పటి పిల్లలు ఒళ్ళంతా పొడిపించుకోవడం లేదు. ఉద్యోగాలు రావు, ఊళ్ళో అందరూ చూస్తారు. ముంజేతి మీద ఒక్కసారి రాం అని వేయించుకుని సరిపెడుతున్నారు.

తిరుమణి
నల్లరేగడి గారూ, రెండుసార్లు చదివాను. అరికాలి గురించి మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన పిక్క మీద డిజైన్ కోసం వెతుక్కోలేదు, అది వేరు, ఇది వేరు అని చెప్పబోయాను. కానీ కాలు కాలే కదా. చోటు మీద నేను పెట్టిన రూలు అందరికీ పనికిరాదు, ఒప్పుకుంటున్నాను.

కాల్చి వేసే మా తప్త ముద్రలను కూడా స్మార్తులు, అంటే శంకరుల దారిలో నడిచేవాళ్ళు, ఒప్పుకోలేదు లెండి. ఒళ్ళు కాల్చుకోవడం వైదికం కాదని వందల ఏళ్ళుగా వాదిస్తూనే ఉన్నారు. మధ్వాచార్యుల అనుచరులైన మాధ్వులు ఏటా ఆషాఢ శుద్ధ ఏకాదశికి తప్త ముద్రలు వేయించుకుంటారు, వాళ్ళనూ అన్నారు. మేమూ ఒకప్పుడు జవాబు చెప్పుకున్నవాళ్ళమే.

కొండగాలి
ఉట్నూరు దగ్గర టీచరుగా చేస్తున్నాను. రాజ్ గోండు ముసలమ్మల చేతులూ కాళ్ళూ చూడండి ఒకసారి. కాళ్ళ మీద కూడా పొడిపించుకుంటారు, ఎవరూ అపచారం అనరు. ఎందుకంటే అక్కడ దేవుడి ముఖం ఉండదు. చుక్కలు, గీతలు. ఇక్కడ పొడిచేది తోటి అనే తెగ ఆడవాళ్ళు. ఆ తెగ మగవాళ్ళు కిక్రీ అనే తీగ వాయిద్యం వాయిస్తూ గోండుల వంశ కథలు పాడతారు, ఆడవాళ్ళు పచ్చబొట్లు పొడుస్తారు. కథ ఒకరు, గుర్తు ఒకరు.

ఒక అవ్వను అడిగాను, ఎందుకమ్మా ఇంత నొప్పి అని. "వెండి కడియాలు కొడుకులు తీసుకుంటారు, చీర కూడా కాలిపోతుంది. నాతో పైకి వచ్చేది ఇదొక్కటే" అంది. ఈ మాట మన పల్లెల్లో కూడా చాలా చోట్ల విన్నదే. మా స్కూలు పిల్లలకు మాత్రం ఇది నచ్చదు. హాస్టల్లో వెక్కిరిస్తారని భయం. నగరంలో ట్రైబల్ టాటూ అని వేలకు వేలు పోస్తున్నారు, ఇక్కడ అసలు ట్రైబల్ పిల్ల ఫుల్ చేతుల జాకెట్ వేసుకుంటోంది.

బాపట్ల సముద్రం
ఆ చివరి వాక్యానికి రెండు లైకులు పెట్టే వీలుంటే బాగుండు.

గోదారిగట్టు
ఇంతమంది మాట్లాడారు, ఆడవాళ్ళ బొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. చర్చ మొదలైందే నాయనమ్మ పచ్చబొట్టుతో కదా.

మా అమ్మమ్మది కొవ్వూరు దగ్గర పల్లె. ఎరుకల ఆవిడ భుజాన బుట్ట వేసుకుని "పచ్చబొట్లమ్మా, పచ్చబొట్లు" అంటూ వచ్చేదట. దీపం మసి, గుంటగలగరాకు పసరు, కొన్నిసార్లు చనుబాలు కూడా కలిపేవారట. మూడు నాలుగు సూదులు దారంతో కలిపి కట్టి పొడిచి, పైన పసుపు మెత్తేది. పిల్ల ఏడవకుండా పాట పాడేది. కూలి చేటెడు వడ్లు, పాత చీర. అమ్మమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి నుదుటి మీద పొడిపించారు, ఇద్దరు పట్టుకున్నారట.

తాతయ్య పోయినప్పుడు ఆవిడకి ముప్ఫై ఒకటి. పదో రోజు గాజులు పగలగొట్టారు, కుంకుమ తుడిచారు. తుడిచాక చూస్తే కింద పచ్చబొట్టు ఉంది! ఎవరో పెద్దావిడ సున్నం పెట్టి రుద్దమంది. రుద్దారు, చర్మం లేచి పుండైంది. పుండు మానాక బొట్టు అక్కడే ఉంది. అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు, ముసిముసిగా నవ్వేది. "అందరూ కలిసి దాన్నేం పీకలేకపోయారే" అనేది.

నేను సైన్సు మనిషిని, కాబట్టి కారణం కూడా చెబుతాను. పైచర్మం నెల రోజుల్లో కొత్తదవుతుంది, కానీ మసి రేణువులు కింది పొరలో ఉంటాయి. మన ఒంట్లోని రక్షణ కణాలే వాటిని మింగి అక్కడే కూర్చుంటాయి, అవి చనిపోతే కొత్తవి వచ్చి మళ్ళీ మింగుతాయి. మసి నల్లనిదే, చర్మం గుండా చూస్తాం కాబట్టి పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. సున్నానికి అందేంత పైన లేదు అది.

మంగళగిరి బాబూ, మీరు నాయనమ్మ పేరు చెప్పి వాదిస్తున్నారు, నాన్నగారు దేవుడి పేరు చెప్పి వాదిస్తున్నారు. నాయనమ్మనెవరైనా అడిగారా? ఆవిడ గ్రూపులో ఉన్నారా అసలు?

ఫౌజీ
అమ్మా, ఆ సున్నం సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

సిరాచుక్క
పాత పద్ధతి గొప్పదే, కానీ ఒక్క హెచ్చరిక. జాతరల్లో కింద కూర్చుని చిన్న మెషీనుతో వందకీ, యాభైకీ వేస్తారు చూడండి, ఒకే సూది అందరికీ. హెపటైటిస్ బి, సి అలాగే అంటుకుంటాయి. సూది ప్యాకెట్ మీ కళ్ళ ముందు చించకపోతే లేచి వచ్చెయ్యండి, దేవుడి జాతరైనా సరే. ఎర్ర సిరాతో దురద, దద్దుర్లు ఎక్కువ. టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తం ఇవ్వనివ్వరు, అదీ గుర్తుంచుకోండి.

తర్కం
నేను మొదట ఒక్క లైనులో తేల్చేశాను. 'మీ చర్మం మీ ఇష్టం' అన్నాను. గోదారిగట్టు గారి అమ్మమ్మకి ఎనిమిదేళ్ళు, ఇద్దరు పట్టుకున్నారు. అక్కడ ఆమె ఇష్టం లేదు. తర్వాత చెరపబోయినప్పుడూ లేదు. అయినా చివరికి అది ఆమెదే అయింది. దీన్ని నా సూత్రంలో ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఆచారం గొప్పదని మాత్రం ఒప్పుకోను. ఎనిమిదేళ్ళ పిల్ల ఎనిమిదేళ్ళ పిల్లే.

గోదారిగట్టు
నేనూ గొప్పదని అనలేదండి. జరిగింది చెప్పాను.

మంగళగిరి కుర్రాడు
శని, ఆదివారాలు ఇంటికి వెళ్ళొచ్చాను. ఆలస్యమైంది, క్షమించండి.

నాయనమ్మ గ్రూపులో లేదు. ఆవిడకి మామూలు ఫోను. ఎవరూ అడగలేదు, నేను కూడా. మా తాతయ్య పోయి పందొమ్మిదేళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆవిడ కుంకుమ పెట్టుకోగా చూడలేదు, బొట్టు మాత్రం ఎప్పుడూ ఉంది. ఆ రెండిటినీ కలిపి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గోదారిగట్టు గారు రాసింది చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా ఇంట్లో సున్నం రాయలేదులే" అంది. "నాది పుట్టింటి బొట్టు. మీ తాత రాకముందే ఉంది. ఆయనతో పోవడానికి అది ఆయన తెచ్చింది కాదుగా" అంది. దేవుడి మాటే రాలేదు.

నా డిజైన్ కూడా చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "స్వామి బాగున్నాడు. కాలి మీద దేనికిరా, నువ్వు మోసుకు తిరగాలి ఆయన్ని, ఎండకీ వానకీ. కొండ మీద చల్లగా పానకం తాగుతున్నాడు, ఉండనీ" అంది. నాన్న వారం రోజులు అరిచి చెప్పలేనిది ఆవిడ ఒక్క నిమిషంలో చెప్పేసింది. పిక్క మీద వద్దనుకున్నాను. భక్తి తగ్గి కాదు, అపచారమని ఒప్పుకునీ కాదు. ఆ విషయంలో నాన్నకూ నాకూ ఇంకా వాదన నడుస్తూనే ఉంది. తమ్ముడు సెలక్షన్ దాకా ఆగుతానన్నాడు, ఫౌజీ గారికి థాంక్స్ చెప్పమన్నాడు.

సిరాచుక్క గారూ, మిమ్మల్నొకటి అడగాలి. నా అడ్వాన్సు తిరిగివ్వరట, వేరే ఏదైనా వేయించుకోమన్నారు. అది విని నాయనమ్మ, "అయితే ఆ వెయ్యికి నా బొట్టు మళ్ళీ పచ్చగా చేస్తాడేమో కనుక్కో" అంది. నవ్వుతూ అందనుకున్నాను. మళ్ళీ పొద్దున బస్సెక్కేటప్పుడు కూడా అడిగింది. బొట్టు నిజంగానే మసకబారి బూడిద రంగులోకి వచ్చింది, అంచులు కలిసిపోయాయి. ఎనభై నిండుతున్నాయి ఆవిడకి. అసలు చెయ్యొచ్చా?

సిరాచుక్క
ఆ వయసులో నుదుటి చర్మం పల్చగా ఉంటుంది, సిరా లోపల పాకిపోయే భయముంది. షుగర్ ఉందా? రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా? ముందు డాక్టర్ని అడగండి. సరేనంటే హైదరాబాద్ దాకా ఎందుకు, మంగళగిరి నుంచి విజయవాడ అరగంట. పొద్దున పూట తీసుకురండి, అప్పుడు షాపులో మ్యూజిక్ ఉండదు. చిన్న సూదితో చేస్తాను. డబ్బులు వద్దు. ఆ పాట ఏదైనా గుర్తుంటే, ఎరుకల ఆవిడ పాడింది, నాయనమ్మగారిని అడిగి పెట్టండి.